పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాక వీధి పిల్లాడు ఎక్కడికి పోతాడు?

[క్లోజప్: చిన్న చేతులు, ఖాళీ నీళ్ల బాటిల్, పక్కన గోతం]

ఈ చేతులు మా అక్క కొడుకువి. షూటింగ్ మా మిద్దె మీద. బాటిల్ మూత తీయాలి, మడమతో తొక్కి గాలంతా పోనివ్వాలి, వెంటనే మూత బిగించాలి. బిగించకపోతే మళ్లీ ఉబ్బుతుంది, గోతంలో సగమే పడతాయి. వీడికి నేర్పేసరికి అరగంట పట్టింది. నిరుడు నెల్లూరు స్టేషన్‌లో నేను చూసిన పిల్లాడికి రెండు సెకన్లు చాలు. వాడికీ పదేళ్లే ఉంటాయి.

వాణ్నే చూపించొచ్చు కదా అంటారేమో. కుదరదు. ఏడుస్తున్న ముఖం థంబ్‌నెయిల్‌లో పెడితే వ్యూస్ వస్తాయని నాకూ తెలుసు. కానీ ఇలాంటి పిల్లల పేరు, ఫొటో, ఊరు బయటపెడితే 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

[షాట్: ప్లాట్‌ఫాం, దూరం నుంచి. రైలు కూత]

"అన్నా, నీళ్లయిపోతే ఆ బాటిల్ ఇయ్యన్నా" అన్నాడు. ఇచ్చాను. "యాడుంటావురా?" అంటే మాట్లాడకుండా బెంచీ కిందికి చూపించాడు. పది రూపాయలు చేతిలో పెట్టి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను.

ఆ పది రాత్రిదాకా జేబులో ఉంటే పెద్ద కుర్రాళ్లు లాక్కుంటారు. అందుకే ఇలాంటి పిల్లలు ఏ రోజు సంపాదన ఆ రోజే తినేస్తారు, సినిమాకి పెట్టేస్తారు, కొందరు మత్తు కోసం పంక్చర్ సొల్యూషన్ కొని పీలుస్తారు. డబ్బు విలువ తెలీదని మనం తిడతాం. దాచుకోడానికి వాడికి పెట్టె ఎక్కడుంది?

[షాట్: స్వర్ణాల చెరువు గట్టు]

వీధి పిల్లలంటే అనాథలని మనకో లెక్క. చాలామందికి అమ్మానాన్నలున్నారు. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగకి వచ్చి చూడండి. చెరువులో జనం కోరికని బట్టి విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె మార్చుకుంటుంటారు. గట్టు మీద బుడగలమ్మే పిల్లవాడి తల్లి పక్కనే బొమ్మలు పరుచుకుని ఉంటుంది. పగలు రోడ్డు మీద పని, రాత్రికి ఇల్లు అనే పిల్లలు వేరు. కుటుంబం మొత్తం రోడ్డు మీదే బతికేవాళ్లు వేరు. ఇల్లొదిలి రైలెక్కేసిన మా బాటిల్ పిల్లాడి లాంటివాళ్లు వేరు. ముగ్గురికీ ఒకే మందు పనిచేయదు.

కనిగిరి, మార్కాపురం వైపు వాన మొహం చాటేస్తే ఇంటికి తాళం వేసి వలస పోతారు. పిల్లల్ని వెంట తీసుకెళ్తే బడి పోతుంది, అవ్వ దగ్గర వదిలితే అడిగేవాళ్లుండరు. అన్నట్టు, 1988లో కేంద్రం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు మొదట ఎంచుకున్న కొద్ది చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. అక్షరాలు దిద్దే పలకని, బడికి పోని పిల్లలు తయారు చేశారన్నమాట.

[స్క్రీన్ మీద: 1098]

ఇక ఫోన్ సంగతి. 1996లో ముంబైలో మొదలైన ఈ టోల్‌ఫ్రీ నంబర్ రాత్రీపగలూ పనిచేస్తుంది. ఏ ప్లాట్‌ఫాం, చొక్కా ఏ రంగు, వెంట ఎవరైనా ఉన్నారా చెప్పండి. వీలైతే వాళ్లు వచ్చేదాకా అక్కడే ఉండండి, ఎందుకంటే పిల్లాడు ఒక చోట నిలవడు. స్టేషన్‌లో అయితే ఆర్‌పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం వాళ్లకూ చెప్పొచ్చు.

ప్రయాణ సమయం తీసేస్తే, 24 గంటల్లో పిల్లాణ్ని జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు ఉంచాలి. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, వాళ్లలో ఒక్కరైనా మహిళ ఉండాలి. ఇది కోర్టు కాదు గానీ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కుండే అధికారాలుంటాయి. ఇంట్లో పరిస్థితి ఏమిటో 15 రోజుల్లో విచారించాలి. పిల్లాడు ఇంటికా, పిల్లల్ని ఉంచే హోమ్‌కా అన్నది నాలుగు నెలల్లో తేల్చాలి.

నన్నడిగితే అసలు చిక్కంతా ఆ తర్వాతే. సంతకం పెట్టించుకుని ఇంటికి పంపేస్తే సరిపోదు. అదే అప్పు, అదే తాగుడు, అవే దెబ్బలు. వారం తిరక్కముందే మళ్లీ రైలు. అందుకని రెండు విషయాలు అడిగి చేయించుకోవాలి. ఒకటి, పిల్లల రక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్: నెలకి 4,000 రూపాయలు. తండ్రి లేనివాళ్లు, తల్లిదండ్రులు పెద్ద జబ్బుతో మంచాన పడినవాళ్లు, బంధువుల దగ్గరున్న అనాథలు లాంటి పిల్లలకి వస్తుంది. ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. రెండోది బడి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని టీసీ లేదనో, పుట్టిన తేదీ కాగితం లేదనో వెనక్కి పంపకూడదు. వయసుకి తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి.

[షాట్: ఖాళీ బెంచీ]

ఈ స్క్రిప్ట్ కోసం చట్టం చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. తప్పిపోయినట్టు, నా అన్నవాళ్లు లేనట్టు కనిపించిన పిల్లల గురించి 24 గంటల్లో 1098కో, పోలీసులకో చెప్పకపోవడం కూడా నేరమే. ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. ఆ రోజు 1098 నాకు తెలియక కాదు. ఫోన్ చేతిలోనే ఉంది, సీటు నంబర్ చూసుకుంటున్నాను.