ఓకే నొక్కే ముందు ఒక్కసారి చదవండి: ఇంటి కంప్యూటర్ ఎర్రర్లపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు కార్యక్రమంలో ఇంటి కంప్యూటర్ గురించి మాట్లాడుకుందాం. పని మధ్యలో తెర మీద ఏదో ఎర్రర్ వస్తుంది, అదేంటో తెలీదు, ఏం నొక్కితే ఏమవుతుందోనని టెన్షన్. ఎన్నో ఏళ్లుగా కంప్యూటర్ సర్వీసింగ్ చేస్తున్న నిపుణులు మన స్టూడియోలో ఉన్నారు. సార్, ఫోన్లు తీసుకునే ముందు ప్రేక్షకులకి ఏమైనా చెబుతారా?

నిపుణుడు: ఒక్కటే అడుగుతానండీ. ఎర్రర్‌లో ఏం రాసుందో చూసి చెప్పండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ‘ఏదో వచ్చింది సార్, ఓకే కొట్టేశాం’ అంటారు. ఆ ‘ఏదో’లోనే సగం జవాబు ఉంటుంది. ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, సెల్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత ఎవరికైనా చూపించొచ్చు.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ తెనాలి నుంచి. చెప్పండి సార్.

తెనాలి: నమస్కారమండీ. నేను రిటైర్డ్ టీచర్ని. పెన్షన్ పడిందేమో చూద్దామని బ్యాంకు సైట్ తెరిస్తే ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అని ఎర్ర గుర్తు వస్తోంది. ఎవరైనా హ్యాక్ చేశారేమోనని భయంగా ఉంది. పేపర్ సైట్ తెరిచినా అదే వస్తోంది.

నిపుణుడు: అన్ని సైట్లకీ వస్తోందా మాస్టారూ?

తెనాలి: అన్నిటికీ వస్తోంది. సెల్‌లో మాత్రం బాగానే తెరుచుకుంటున్నాయి.

నిపుణుడు: అయితే తెర కింద కుడి మూలన టైం, తేదీ ఉంటాయి చూడండి. అక్కడేముందో చదవండి.

తెనాలి: జనవరి ఒకటి... 2016. ఇదేంటండీ?

నిపుణుడు: అదే కారణం. హ్యాకింగ్ కాదు, ధైర్యంగా ఉండండి. ప్రతి సైటూ తానెవరో చూపించడానికి ఒక డిజిటల్ సర్టిఫికెట్ ఇస్తుంది. అది ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. మీ కంప్యూటర్ ఇంకా 2016లోనే ఉన్నాననుకుంటోంది కాబట్టి ఏ సైట్ సర్టిఫికెట్ చూసినా దాని గడువు ఇంకా మొదలే కాలేదనుకుంటుంది. ఆ పేజీలోనే కింద చిన్న అక్షరాల్లో ‘నెట్ ఎర్ సర్ట్ డేట్ ఇన్‌వాలిడ్’ అని ఉంటుంది. అందులో ‘డేట్’ అన్న మాటే మనకి కావలసింది. మాస్టారూ, రాత్రిపూట కంప్యూటర్ షట్‌డౌన్ చేశాక స్విచ్‌బోర్డు దగ్గర కూడా ఆపేస్తారా?

తెనాలి: తప్పకుండా. కరెంటు వృథా అవుతుందని ఆపేస్తాను.

నిపుణుడు: పొద్దున్న ఆన్ చేయగానే నల్ల తెర మీద ‘ప్రెస్ ఎఫ్1’ అని ఏమైనా అడుగుతోందా?

తెనాలి: అవునండీ, కొన్నాళ్లుగా అడుగుతోంది. ఎఫ్1 నొక్కితే వచ్చేస్తోందని పట్టించుకోలేదు.

నిపుణుడు: దాని పైన ‘సీమాస్’ అనే మాట ఉంటుంది, రేపు చూడండి. కంప్యూటర్ లోపలి ముఖ్యమైన బోర్డు, అంటే మదర్‌బోర్డు మీద రూపాయి నాణెం లాంటి బ్యాటరీ సెల్ ఒకటి ఉంటుంది. సీఆర్ 2032, మూడు వోల్టులు. మీరు కరెంటు పూర్తిగా తీసేసినా గడియారం నడిచేది దానితోనే. అది అయిపోయింది. వాచీ షాపులోనూ దొరుకుతుంది. ప్లగ్ తీసి, పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి, పక్క డోర్ తెరవండి. సెల్ పక్కన చిన్న క్లిప్ ఉంటుంది, దాన్ని మెల్లగా బయటికి నెడితే సెల్ పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. ఆ తర్వాత తేదీ ఒక్కసారి సరిచేస్తే చాలు. చెయ్యి వణుకుతుందనుకుంటే దగ్గర్లోని మెకానిక్‌కి చెప్పండి, ఐదు నిమిషాల పని. అప్పటిదాకా టైం మీద రైట్ క్లిక్ చేసి తేదీ మార్చుకోండి, సైట్లన్నీ ఇప్పుడే తెరుచుకుంటాయి.

వ్యాఖ్యాత: ఒకవేళ తేదీ సరిగ్గానే ఉండి, ఒక్క సైట్‌కే ఈ హెచ్చరిక వస్తే?

నిపుణుడు: అప్పుడు లోపం సైట్ వైపు ఉన్నట్టు. లేదా అది నకిలీది. ‘అడ్వాన్స్‌డ్’ అని నొక్కి ముందుకి వెళ్లే దారి ఉంటుంది కానీ బ్యాంకు సైట్‌కి మాత్రం ఎప్పుడూ ఆ దారిలో వెళ్లకండి.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి ఒక సోదరి లైన్‌లో ఉన్నారు.

కరీంనగర్: నమస్తే సార్. మా పాప శారీ ఫంక్షన్ ఫొటోలు స్టూడియో వాళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారు. నిన్న పెడితే ‘యూ నీడ్ టు ఫార్మాట్ ద డిస్క్’ అని వచ్చింది. మా తమ్ముడు ఫార్మాట్ కొట్టమంటున్నాడు, నేనే ఆపాను. కొట్టమంటారా సార్?

నిపుణుడు: వద్దమ్మా! మీరు ఆపి చాలా మంచి పని చేశారు. ‘క్యాన్సిల్’ నొక్కండి. ‘నీడ్ టు ఫార్మాట్’ అంటే ఫార్మాట్ చేస్తే ఫొటోలు కనిపిస్తాయని కాదు. లోపల ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక నాకు చదవడానికి రావట్లేదు, ఖాళీ చేసి కొత్తది రాయమంటావా అని అడుగుతోంది. పట్టిక పాడైనా ఫొటోలు చాలాసార్లు అలాగే ఉంటాయి. ముందు స్టూడియో వాళ్లని అడిగారా? వాళ్ల హార్డ్‌డిస్క్‌లో ఉండొచ్చు.

కరీంనగర్: అడిగాను సార్. తీసేశామన్నారు.

నిపుణుడు: సరే. ముందు వేరే పోర్టులో పెట్టి చూడండి, డెస్క్‌టాప్ అయితే వెనక వైపు పోర్టులో. తర్వాత వేరే కంప్యూటర్లో చూడండి. అప్పటికీ అదే వస్తే, ‘దిస్ పీసీ’ మీద రైట్ క్లిక్, మేనేజ్, అందులో డిస్క్ మేనేజ్‌మెంట్. అక్కడ పెన్‌డ్రైవ్ సైజు చూపిస్తోందా అన్నది ముఖ్యం. 32 జీబీ అయితే ఇంచుమించు 29 అని చూపించాలి. సైజు చూపించి పక్కన ఇంగ్లీషులో ‘రా’ (ఆర్, ఏ, డబ్ల్యూ) అని ఉంటే ఆశ ఉన్నట్టే. సైజు సున్నా అనో ‘నో మీడియా’ అనో ఉంటే లోపలి చిప్ పోయినట్టు, దానికి సాఫ్ట్‌వేర్ పనికిరాదు.

కరీంనగర్: సైజు చూపిస్తే ఏం చేయాలి సార్?

నిపుణుడు: ఫొటోరెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది పట్టిక జోలికి పోదు. ప్రతి జేపెగ్ ఫొటో ‘ఎఫ్ఎఫ్ డీ8’ అనే రెండు బైట్లతోనే మొదలవుతుంది. అలాంటి ఆరంభ గుర్తుల కోసం డ్రైవ్ అంతా మొదటి నుంచి చివరి దాకా వెతికి, దొరికిన ప్రతి ఫొటోనీ బయటికి తీస్తుంది. ఫైళ్ల పేర్లు పోతాయి, వరస మారుతుంది, కానీ బొమ్మలు దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త తీసుకోండి. తీసిన ఫొటోలని కంప్యూటర్లోకే సేవ్ చేయాలి, ఆ పెన్‌డ్రైవ్‌లోకి మళ్లీ ఏదీ రాయకూడదు. విండోస్‌లో డిస్క్‌ని సరిచేసే చెక్‌డిస్క్ కూడా ఇప్పుడే నడపొద్దు, అది పట్టికని సరిచేసే క్రమంలో ఉన్నవాటిని చెరిపే ప్రమాదముంది. ఫొటోలు వచ్చాక రెండు చోట్ల దాచుకోండి. పెన్‌డ్రైవ్ ఫొటోలు మోసుకెళ్లడానికే గానీ దాచుకోవడానికి కాదమ్మా.

కరీంనగర్: మా తమ్ముడికి ఇప్పుడే చెబుతా సార్.

వ్యాఖ్యాత: హన్మకొండ నుంచి ఒక విద్యార్థి.

హన్మకొండ: అన్నా, కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తే ‘ఎంఎస్‌వీసీపీ140 డాట్ డీఎల్ఎల్ వాజ్ నాట్ ఫౌండ్’ అంటోంది. గూగుల్‌లో వెతికితే ఆ ఫైల్ ఒక్కటే ఇచ్చే సైట్ దొరికింది. డౌన్‌లోడ్ చేశాను, ఇంకా పెట్టలేదు.

నిపుణుడు: పెట్టకు తమ్ముడూ, డిలీట్ చేసెయ్. ఆ సైట్లలో ఫైల్ పాతదై ఉండొచ్చు, దాంతో వైరస్ కూడా రావొచ్చు. అది మైక్రోసాఫ్ట్ వాళ్ల ‘విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్’ ప్యాకేజీలోది. వాళ్ల సొంత సైట్లో ఉచితంగా ఉంటుంది. నీది 64 బిట్ విండోస్ అయినా సరే ఎక్స్86 అంటే 32 బిట్‌ది, ఎక్స్64 అంటే 64 బిట్‌ది, రెండూ వేసుకో. చాలా సాఫ్ట్‌వేర్లు ఇంకా 32 బిట్‌వే కాబట్టి.

వ్యాఖ్యాత: రాజమండ్రి నుంచి మాట్లాడుతున్నారు.

రాజమండ్రి: నమస్తే అండీ. మా కంప్యూటర్ ఉన్నట్టుండి నీలం తెర వేసి రీస్టార్ట్ అయిపోతోంది. వైరస్ అనుకుని యాంటీవైరస్ మార్చాను, తగ్గలేదు.

నిపుణుడు: ఆ నీలం తెర కింద ‘స్టాప్ కోడ్’ అని ఒక లైను ఉంటుందండీ.

రాజమండ్రి: ఫొటో తీశానండీ. ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని ఉంది.

నిపుణుడు: భేష్. ఈ మధ్య ర్యాం ఏమైనా కొత్తగా వేయించారా?

రాజమండ్రి: పోయిన నెలలో. పాత 4 జీబీకి తోడు ఇంకో 8 వేయించాను.

నిపుణుడు: నీలం తెర మొదలైంది దాని తర్వాతేనా?

రాజమండ్రి: అవును... ఇప్పుడు ఆలోచిస్తే తర్వాతేనండీ.

నిపుణుడు: కొత్త ర్యాం తీసేసి, పాతదొక్కటే ఉంచి రెండు రోజులు వాడండి. ఆగిపోతే దోషి తెలిసినట్టే, షాపులో మార్పించుకోండి. తీసినప్పుడు బంగారు రంగు కాంటాక్టులని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి లేకుండా దులపండి. పెట్టేటప్పుడు రెండు వైపులా క్లిక్ అని పడాలి. ఇదంతా ప్లగ్ తీశాకే చేయాలండీ. పరీక్ష కూడా ఉంది. స్టార్ట్ దగ్గర ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ అని కొడితే, రీస్టార్ట్ అయి ర్యాం అంతా తనిఖీ చేస్తుంది.

వ్యాఖ్యాత: నీలం తెర అనగానే అందరూ వైరస్ అనుకుంటారు కదా సార్.

నిపుణుడు: అనుకుంటారు, కానీ చాలావరకు అది పరికరాలని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేరో, ర్యామో, డిస్కో. 2024 జూలై 19 గుర్తుందా? ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేశాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది కూడా వైరస్ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన అప్‌డేట్‌లో ఒక ఫైలు తప్పుగా ఉంది, అంతే. విండోస్ లోపలి భాగంలో ఏదైనా తేడా వస్తే, ముందుకెళ్లి మీ ఫైళ్లు పాడుచేయడం కన్నా ఆగిపోవడం నయమని ఆగిపోతుంది. కొత్త విండోస్ 11లో ఆ తెర నల్లగా వస్తోంది. రంగు మారినా స్టాప్ కోడ్ ఉంటుంది, అదే చూడండి.

వ్యాఖ్యాత: హైదరాబాద్, కూకట్‌పల్లి.

కూకట్‌పల్లి: సార్, ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు మార్చి ఇచ్చారు. ఇంటికొచ్చి ఆన్ చేస్తే ‘బిట్‌లాకర్ రికవరీ’ అని 48 అంకెలు అడుగుతోంది. నేనెప్పుడూ అలాంటి పాస్‌వర్డ్ పెట్టలేదు.

నిపుణుడు: మీరు పెట్టలేదు, విండోసే పెట్టింది. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఒక ఈమెయిల్‌తో సైన్ ఇన్ అయ్యారు కదా, అప్పుడే డిస్క్‌కి తాళం పడి, తాళంచెవి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో చేరి ఉంటుంది. ఇప్పుడు బోర్డు మారింది కాబట్టి, డిస్క్‌ని ఎవరో తీసి వేరే మెషీన్‌కి పెట్టారని అనుమానిస్తోంది. సెల్‌లో బ్రౌజర్ తెరిచి ‘ఏకేఏ డాట్ ఎంఎస్ స్లాష్ మై రికవరీ కీ’ అని ఇంగ్లీషులో కొట్టి, అదే ఈమెయిల్‌తో లాగిన్ అవ్వండి. తెర మీద ‘కీ ఐడీ’ ఉంటుంది, సెల్‌లోని మొదటి ఎనిమిది అక్షరాలు దానితో కలవాలి. కలిసిన వరసలోని 48 అంకెలు కొట్టండి.

కూకట్‌పల్లి: ఆ ఈమెయిల్ ఏదో గుర్తులేకపోతే?

నిపుణుడు: ఇంట్లో వాళ్లవన్నీ చూడండి, చాలాసార్లు పిల్లల మెయిల్‌తో సెటప్ చేసి ఉంటారు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది. కీ దొరక్కపోతే ఆ డేటాని ఏ షాపు వాళ్లూ తీయలేరు, తీస్తామని డబ్బు అడిగితే నమ్మకండి. విండోస్ 11 వాడుతున్న ప్రతి ఒక్కరూ ఈ రాత్రే ఆ పేజీ తెరిచి, కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

వ్యాఖ్యాత: విజయనగరం నుంచి ఒక అమ్మ మాట్లాడుతున్నారు. చెప్పండమ్మా.

విజయనగరం: బాబూ, టీవీలో మీ నెంబరు కనబడితే చేశాను. ఇందాక పంచాంగం చూస్తుంటే తెరంతా ఎర్రగా అయిపోయి సైరన్ మోగింది. కంప్యూటర్ లాక్ అయింది, ఈ నెంబరుకి చేయండని ఉంది. చేశాను. ఒకాయన ఏదో యాప్ వేయించాడు. ఏదో జాబితాలో బోలెడు ఎర్రర్లు చూపించాడు. బ్యాంకు కార్డు తెచ్చుకోండి, పది నిమిషాల్లో మళ్లీ చేస్తానన్నాడు.

నిపుణుడు: అమ్మా, కంప్యూటర్ ఇంకా ఆన్‌లో ఉందా?

విజయనగరం: ఉంది బాబూ. బాణం గుర్తు దానంతట అదే తిరుగుతోంది.

నిపుణుడు: వైఫై పెట్టె స్విచ్ ఆపేయండి. ఇప్పుడే వెళ్లండి, నేను లైన్లోనే ఉంటాను.

విజయనగరం: ...ఆపేశాను.

నిపుణుడు: ఇప్పుడు కంప్యూటర్ పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. ఆగిపోయిందా?

విజయనగరం: ఆగిపోయింది.

నిపుణుడు: ఇక వాడికి మీ కంప్యూటర్ కనపడదు. కార్డు నెంబరు, ఓటీపీ ఏమైనా చెప్పారా?

విజయనగరం: ఓటీపీ లేదు. బ్యాంకు పేజీ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాను, వాడు చూస్తుండగానే.

నిపుణుడు: మీ తప్పేమీ లేదమ్మా, ఎవరినైనా భయపెట్టేలాగే తయారుచేస్తారు. ఆ ఎర్ర తెర ఒట్టి వెబ్ పేజీ. మీ కంప్యూటర్‌కి ఏ జబ్బూ లేదు. వాడు చూపించిన ఎర్రర్లు ‘ఈవెంట్ వ్యూయర్’ అనే చోట ప్రతి కంప్యూటర్లోనూ ఉంటాయి, బాగున్నదాంట్లో కూడా. అందరూ వినండి, మైక్రోసాఫ్ట్ అసలు ఎర్రర్లలో ఫోన్ నెంబరు ఉండదు. నెంబరు ఉందంటే అది మోసమే. అలాంటి తెర వస్తే ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టండి. పోకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి, టాస్క్ మేనేజర్లో బ్రౌజర్‌ని మూసేయండి. తర్వాత ‘పాత పేజీలు తెరవమంటారా’ అంటే వద్దనండి. అమ్మా, మీ కార్డు వెనక బ్యాంకు నెంబరు ఉంటుంది. నెట్ బ్యాంకింగ్, కార్డు రెండూ బ్లాక్ చేయమనండి. తర్వాత 1930కి చేయండి, అది సైబర్ మోసాల నెంబరు. తెలిసినవాళ్లు వచ్చి ఆ యాప్ తీసేసే దాకా కంప్యూటర్‌కి నెట్ ఇవ్వకండి. కొత్త పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు కూడా సెల్‌లోనే పెట్టండి, కంప్యూటర్లో కాదు.

విజయనగరం: నేను మా ఆయన సెల్ నుంచి మాట్లాడుతున్నాను. నాది మోగుతోంది బాబూ... వాడే.

నిపుణుడు: ఎత్తకండమ్మా. మోగనివ్వండి. మా లైను పెట్టేసి, ఇదే సెల్ నుంచి ముందు బ్యాంకుకి చేయండి.