దగ్గు సంగతితో పాటు కుక్క సంగతీ చెప్పండి

వ్యాఖ్యాత: అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకి వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల గురించి మాట్లాడుకుంటున్నాం. లైన్లో ఒకరున్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే డాక్టర్ గారూ. మా నాన్నగారికి కిడ్నీ మార్పిడి జరిగి 14 నెలలైంది. మూడు వారాలుగా ఒకటే దగ్గు. యాంటీబయాటిక్ కోర్సు పూర్తయినా తగ్గలేదు. జ్వరం మాత్రం లేదండీ.

డాక్టర్: జ్వరం లేదని ధీమా వద్దమ్మా. స్టెరాయిడ్, టాక్రోలిమస్ లాంటి మందులు రోగనిరోధక శక్తిని అణిచి ఉంచుతాయి. లోపల ఇన్ఫెక్షన్ ముదురుతున్నా ఒళ్లు కాలకపోవచ్చు. ఆయాసం ఉందా?

శ్రోత: ఒక అంతస్తు ఎక్కి ఆగిపోతున్నారు. ఇదివరకు అలా లేదండీ.

డాక్టర్: ఇంట్లో జంతువులేమైనా ఉన్నాయా?

శ్రోత: (కాసేపు ఆగి) కుక్క ఉందండీ. ఆస్పత్రిలో ఆ మాట ఎత్తొద్దని నాన్న నాతో ఒట్టు వేయించుకున్నారు. దాన్ని పంపించేయమంటారేమోనని భయం. రాత్రిళ్లు ఆయన మంచం పక్కనే పడుకుంటుంది. పోయిన నెల దానికీ దగ్గొచ్చింది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు మెడ చాపి ఖక్ ఖక్ మని దగ్గి, చివర్లో తెల్లటి నురగ కక్కేది.

డాక్టర్: ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండమ్మా. మీరు ఇప్పటిదాకా చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చేది ఇదే. కుక్కలకి అలాంటి దగ్గు తెచ్చేవాటిలో బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అనే బాక్టీరియా ఒకటి. కోరింత దగ్గు క్రిమికి దగ్గరి చుట్టం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అంటడం చాలా అరుదు. మార్పిడి చేయించుకున్నవాళ్లలో మాత్రం న్యుమోనియా తెచ్చిన సందర్భాలున్నాయి. న్యుమోనియాకి తరచూ వాడే సెఫలోస్పోరిన్ రకం యాంటీబయాటిక్‌లు చాలావరకు దీని మీద పనిచేయవు. మీ నాన్నగారికి అదేనని నేననడం లేదు. క్షయ కావచ్చు, ఫంగస్ కావచ్చు. పరీక్షలే తేల్చాలి.

శ్రోత: ఇప్పుడేం చేయమంటారు?

డాక్టర్: ఇవాళే మార్పిడి చేసిన డాక్టర్లకి ఫోన్ చేయండి. సీటీ స్కాన్, కఫం కల్చర్ (కఫంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడటం), అవసరమైతే బ్రాంకోస్కోపీ (గొట్టంతో ఊపిరితిత్తుల్లోకి చూడటం) చేస్తారు. శాంపిల్‌తో వెళ్లే కాగితం మీద 'కిడ్నీ మార్పిడి జరిగింది, ఇంట్లో కుక్క దగ్గింది' అని రాయించండి. ఎందుకంటున్నానంటే, జంతువుల నుంచి వచ్చే క్రిమిని ల్యాబ్‌లో పొరబడే వీలుంది. ఉదాహరణకి, రోడోకాకస్ ఈక్వీ అని గుర్రప్పిల్లలకి న్యుమోనియా తెచ్చే క్రిమి ఉంది. 1923లో దాన్ని గుర్రప్పిల్లల్లో గుర్తించారు, మనిషిలో మొదటి కేసు 1967లో బయటపడింది. పేడ కలిసిన మట్టిలో ఉంటుంది. ఊపిరితిత్తిలో క్షయలాగే గుల్ల చేస్తుంది. స్లైడ్ మీద క్షయ క్రిమిని గుర్తించడానికి వేసే రంగును కూడా కొంత పట్టుకుంటుంది. కల్చర్‌లో పెరిగితే చర్మం మీది మామూలు క్రిమి కలిసిందనుకుని పక్కన పడేసే ప్రమాదముంది. చెబితేనే ల్యాబ్ వాళ్లు ఆగి చూస్తారు.

ఇంకో మాట. మందుల షాపులో అడిగి ఏదీ వేయకండి. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచేస్తుంది, క్షయకిచ్చే రిఫాంపిసిన్ పడగొట్టేస్తుంది. రెండు విధాలా కిడ్నీకే దెబ్బ.

శ్రోత: నాన్న పక్కనే వింటున్నారండీ. మరి కుక్కో అని సైగ చేస్తున్నారు.

డాక్టర్: పంపించక్కర్లేదని చెప్పండి. పశువైద్యుడికి చూపించి, తగ్గేదాకా వేరే గదిలో ఉంచండి. దాని పనులు మీరే చూసుకోండి. ముక్కులో చుక్కలుగా వేసే దగ్గు టీకాలో బతికున్న క్రిమి ఉంటుంది. దాని బదులు ఇంజెక్షన్ టీకా ఇవ్వగలరేమో అడగండి. కుక్క మీద ఆయనకున్న ప్రేమ నాకు అర్థమైంది. అందుకే దాచొద్దంటున్నాను.

వ్యాఖ్యాత: మరొకరు లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్కారం సార్. నాకూ కిడ్నీ మార్చారు. బాల్కనీలో పావురాల రెట్ట గట్టిపడితే గీకి ఊడ్చాను. తప్పా?

డాక్టర్: ఎండిన రెట్ట ఊడిస్తే దుమ్ములో క్రిప్టోకాకస్ అనే ఫంగస్ లేవచ్చు. ఊపిరితిత్తుల్లో దిగి, అక్కడినుంచి మెదడు పొరలకి పాకొచ్చు. కాకటూ అనే చిలుక జాతి పక్షిని పెంచిన ఒక కిడ్నీ మార్పిడి రోగికి అలాగే మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు వచ్చింది. పక్షి రెట్టలోదీ ఆమెలోదీ ఒకే ఫంగస్ అని తేల్చి, 2000లో వైద్య పత్రికలో రాశారు. ఇకమీదట ఆ పని ఇంట్లో వేరేవాళ్లతో, బాగా తడిపాక చేయించండి. ఊడ్చి ఎన్నాళ్లైంది?

శ్రోత: నెల దాటింది సార్.

డాక్టర్: తలనొప్పి ఏమైనా ఉందా?

శ్రోత: నాలుగు రోజులుగా ఉంది. టెన్షన్ వల్ల అనుకున్నాను.

డాక్టర్: ఫోన్ పెట్టేసి ఆస్పత్రికి బయల్దేరండి. రేపటిదాకా ఆగొద్దు. వెళ్లగానే మార్పిడి సంగతి, పావురాల సంగతి రెండూ చెప్పండి. తోడు ఎవరైనా ఉన్నారా?

శ్రోత: మా అబ్బాయి ఉన్నాడు సార్. వెళ్తున్నాను.