రోము కథ చెప్పిన సెనేటర్

సభకు నమస్కారం.

1993 మే 5న అమెరికా సెనేట్‌లో డెబ్బయ్యైదేళ్ల పెద్దాయన ఒకరు లేచి నిలబడి రోము చరిత్ర చెప్పడం మొదలుపెట్టారు. చేతిలో కాగితం లేదు. ఆ రోజుతో ఆపలేదు. అక్టోబరు 18 దాకా మొత్తం పద్నాలుగు ప్రసంగాలు చేశారు. రాజుల నాటి నుంచి హానిబల్ యుద్ధాలు, గ్రాకస్ సోదరులు, సుల్లా, సీజర్, ఆగస్టస్ వరకు వరసగా చెప్పుకొచ్చారు. ఆయన పేరు రాబర్ట్ బర్డ్. వెస్ట్ వర్జీనియా రాష్ట్రం నుంచి 1959లో సెనేట్‌లో అడుగుపెట్టి, 2010 జూన్ 28న తొంభై రెండేళ్ల వయసులో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు.

రోముతో ఆయనకేం పని? అప్పట్లో వాషింగ్టన్‌లో పద్దుల వారీ వీటో గురించి గట్టిగా చర్చ నడుస్తోంది. చట్టసభ పంపిన ఖర్చుల బిల్లును అధ్యక్షుడు మొత్తంగా ఒప్పుకోవాలి, లేదా మొత్తంగా తిప్పి పంపాలి. అలా కాకుండా, తనకు నచ్చని పద్దు ఒక్కదాన్నే కొట్టేసే అధికారం అధ్యక్షుడికి ఇద్దామన్నది ఆ ప్రతిపాదన. వినడానికి బాగానే ఉంటుంది, దుబారా తగ్గుతుంది కదా అనిపిస్తుంది. బర్డ్ మాత్రం ఇందులో ఖజానా తాళంచెవి చేతులు మారడాన్ని చూశారు. అమెరికా రాజ్యాంగం రాసినవాళ్లు ఫ్రెంచి తత్వవేత్త మాంటెస్క్యూను చదివారు, మాంటెస్క్యూ రోమును చదివాడు, కాబట్టి మనమూ రోము దగ్గరికే వెళ్దాం అన్నది ఆయన వరస. ఆయన చెప్పిన దాని సారం ఒక్కటే: రోము సెనేట్ నుంచి అధికారాన్ని ఎవరూ పూర్తిగా లాక్కోలేదు, చాలావరకు సెనేటే తన చేతులతో ఇచ్చుకుంది. క్రీ.పూ. 27లో ఆక్టేవియన్‌కు ఆగస్టస్ అన్న బిరుదు కట్టబెట్టింది ఆ సభే. సెనేటర్లు ఒంటికి చుట్టుకునే టోగాలు అలాగే ఉన్నాయి, సమావేశాలూ జరుగుతూనే ఉన్నాయి. నిర్ణయాలు మాత్రం ఇంకొక ఇంట్లో జరిగేవి.

ఆ వాదన సరైనదని నేను నమ్ముతాను. 1996లో ఆ వీటో చట్టమైంది. బర్డ్ కోర్టుకెక్కారు. మీకు నేరుగా నష్టం జరగలేదు కాబట్టి మీ కేసు చెల్లదని 1997లో సుప్రీంకోర్టు పంపేసింది. మరుసటి ఏడాది న్యూయార్క్ నగరం తదితరులు వేసిన కేసులో అదే కోర్టు 6-3 తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది. ముసలాయన మాట నెగ్గింది.

ఇంతవరకే చెప్పి కూర్చుంటే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

బర్డ్ పుట్టింది 1917లో, నార్త్ కరొలైనాలో. ఏడాది నిండీ నిండకముందే 1918 ఇన్‌ఫ్లుయెంజా తల్లిని తీసుకుపోయింది. మేనత్తా మామయ్యా దత్తత తీసుకుని వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల ఊళ్లకు తెచ్చి పెంచారు. మామయ్య గని కార్మికుడు. హైస్కూల్లో క్లాస్ ఫస్ట్ వచ్చినా కాలేజీకి డబ్బుల్లేవు. పెట్రోల్ బంకులో చేశారు, మాంసం కొట్టారు, యుద్ధం రోజుల్లో ఓడల కర్మాగారంలో వెల్డింగ్ చేశారు. ఫిడేలు బాగా వాయించేవారు. ఎంపీ అయ్యాక రాత్రి క్లాసులకు వెళ్లి 1963లో లా డిగ్రీ తెచ్చుకున్నారు. ఇటువంటి మనిషిని ఇష్టపడకుండా ఉండటం కష్టం.

ఇదే మనిషి 1940ల మొదట్లో, నల్లవారిని హింసించే తెల్లవారి రహస్య ముఠా కూ క్లక్స్ క్లాన్‌లో చేరారు. ఊరికే చేరడం కాదు, తన ప్రాంతంలో దాదాపు నూట యాభై మందిని పోగుచేసి శాఖ పెట్టించారు, దానికి నాయకుడయ్యారు. నల్లవాడి పక్కన నిలబడి సైన్యంలో పోరాడనని ఒక సెనేటర్‌కు ఉత్తరం రాశారు. ఏడాదికే ఆసక్తి పోయి వదిలేశానని తర్వాత చెప్పుకున్నారు కానీ, క్లాన్ అవసరం ఇప్పుడు ఇంతకుముందెన్నడూ లేనంతగా ఉందని 1946లో రాసిన ఉత్తరం కూడా బయటపడింది.

ఇక 1964. నల్లజాతి వారిని హోటళ్లలో, సినిమా హాళ్లలో, ఉద్యోగాల్లో వేరు చేసి చూడటం చట్టవిరుద్ధమనే పౌరహక్కుల బిల్లు సెనేట్ ముందుంది. జూన్ 9 రాత్రి 7:38కి బర్డ్ మాట్లాడటానికి లేచారు. అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. సభ్యుడు ఆపకుండా మాట్లాడుతున్నంతసేపూ ఓటింగ్ పెట్టకూడదు. దాన్ని ఫిలిబస్టర్ అంటారు. ఆయన తెల్లారి 9:51 దాకా మాట్లాడారు. పద్నాలుగు గంటల పదమూడు నిమిషాలు.

ఆ ఉదయం తర్వాత జరిగిన సంగతి ఒకటి మీకు దగ్గరగా చూపించాలి. చర్చ ముగించాలా వద్దా అని పేర్లు పిలిచి ఓటు అడుగుతున్నారు. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌ను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. మెదడులో కణితి, మాట పడిపోయింది. ఆయన పేరు పిలిచారు. జవాబు లేదు. మళ్లీ పిలిచారు. ఆయన చెయ్యి కష్టంగా పైకెత్తి తన కంటిని చూపించారు. ఇంగ్లీషులో కన్ను అనే మాటా, అవుననే ఓటూ పలకడానికి ఒకటే, 'ఐ'. అర్థమై ఓటు రాసుకున్నారు. 71-29తో చర్చ ముగిసింది. పౌరహక్కుల బిల్లు మీద సెనేట్ ఫిలిబస్టర్‌ను ఓడించడం అదే మొదటిసారి. జూలై నెలాఖరుకు ఎంగిల్ చనిపోయారు. నోరున్న మనిషి పద్నాలుగు గంటలు మాట్లాడి చేసిన పనికి, నోరు లేని మనిషి ఒక్క వేలితో ఇచ్చిన జవాబు అది. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మళ్లీ రోముకు వెళ్దాం. క్రీ.పూ. 59లో సీజర్ కాన్సల్, అంటే ఆ ఏడాది రోమును నడిపే ఇద్దరు పాలకుల్లో ఒకడు. పాంపే అనే సేనాని దగ్గర పనిచేసిన పాత సైనికులకు, నగరంలోని పేదలకు భూమి పంచే బిల్లు సెనేట్ ముందు పెట్టాడు. కేటో అనే సెనేటర్ లేచి ఆపకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు. చీకటి పడితే సభ లేవాలి, అందుకని సూర్యాస్తమయం దాకా సాగదీయడమే ఆయన ఎత్తు. సీజర్‌కు ఒళ్లు మండి ఆయన్ని జైలుకు తీసుకెళ్లమన్నాడు. సెనేటర్లు చాలామంది లేచి కేటో వెనకే నడిచారు. సీజర్ వెనక్కి తగ్గాడు. కానీ ఆ తర్వాత సెనేట్‌ను పక్కనపెట్టి బిల్లును నేరుగా ప్రజల సభకు తీసుకెళ్లాడు.

అంతకు డెబ్బై నాలుగేళ్ల ముందు, క్రీ.పూ. 133లో, పెద్దల గుప్పిట్లో ఉన్న ప్రభుత్వ భూమిని పేదలకు పంచాలన్న టైబీరియస్ గ్రాకస్‌ను సెనేటర్లే విరిగిన బల్లల కాళ్లతో కొట్టి చంపారు. ఆయనతోపాటు మూడు వందల మందికి పైగా చచ్చారు. శవాలను టైబర్ నదిలో పడేశారు.

కాబట్టి రోము సెనేట్ అధికారాన్ని అప్పనంగా ఇచ్చేసి నాశనమైందన్నది సగం కథ. అడగవచ్చినవాడికి పిడికెడు మన్ను కూడా వదలకపోవడం, తలుపు వేసుకుని కూర్చోవడం మిగతా సగం. తలుపు తీయని సభను దాటుకుని పోయేవాడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు. వాడి వెనక నిలబడేది ఆ తలుపు బయట ఎండలో నిలబెట్టిన జనమే. రోము చరిత్రను అంతగా చదివిన మనిషికి ఇది తెలియకపోదు. కానీ 1964 జూన్ రాత్రిని ఆ అద్దంలో చూసుకున్నారా అన్నది నన్ను వదలని ప్రశ్న.

మన సంగతి కూడా చెప్పాలి. 1965లో దేశాల వారీ కోటాలు ఎత్తేసి ఆసియా వాళ్లకు తలుపు తెరిచిన వలస చట్టాన్ని కూడా బర్డ్ సెనేట్‌లో వ్యతిరేకించి మాట్లాడారు. ఈ హాల్లో కూర్చున్నవారిలో పిల్లలో, అన్నదమ్ములో అమెరికాలో లేనివారు ఎంతమంది? వాళ్లంతా ఆ చట్టం తెరిచిన దారిన వెళ్లినవాళ్లే.

మా బావగారు అలా వెళ్లిన డాక్టరు. వెస్ట్ వర్జీనియాలో గనుల పక్క చిన్న ఊళ్లో పాతికేళ్లు ప్రాక్టీసు చేశారు. నేను వెళ్లినప్పుడు కొండల మధ్య కారులో తిప్పుతుంటే వంతెన మీద బర్డ్ పేరు, కోర్టు మీద బర్డ్ పేరు, గ్రీన్ బ్యాంక్‌లో వంద మీటర్ల రేడియో టెలిస్కోపుకూ ఆయన పేరే. ఖర్చుల కమిటీ ఛైర్మన్‌గా సొంత రాష్ట్రానికి నిధులు తరలించుకుపోయారని దేశమంతా తిట్టేది. బావగారి దగ్గరికి బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన ముసలివాళ్లు వచ్చేవారు. మెట్లెక్కితే ఆయాసం, నాలుగు మాటలు వరసగా చెప్పలేరు. "వీళ్ల ముందు బర్డ్‌ను ఒక్క మాట అనలేమోయ్" అన్నారు బావగారు. నిజమే. 2010 ఆరోగ్య చట్టంలో ఆ కార్మికులకూ, వాళ్లు పోతే వాళ్ల భార్యలకూ పరిహారం తేలిగ్గా అందే నిబంధన పెట్టించింది ఆయనే.

మనిషి మారాడా? మారాడనే అంటాను, ఆలస్యంగా. 1965 ఓటు హక్కు చట్టాన్ని వ్యతిరేకించారు. 1967లో థర్‌గుడ్ మార్షల్ తొలి నల్లజాతి జడ్జిగా సుప్రీంకోర్టుకు వెళ్లడాన్నీ వ్యతిరేకించారు. 1982లో పదిహేడేళ్ల మనవడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. నల్లవాళ్లు కూడా తమ పిల్లల్ని నాలాగే ప్రేమిస్తారు కదా అని అప్పుడు ఆలోచనలో పడ్డానని చెప్పారు. ఆ మాట నన్ను కదిలిస్తుంది, బాధా పెడుతుంది. అరవై నాలుగేళ్లు వచ్చి, ఇంట్లో చావు జరిగితే తప్ప తెలియని విషయమా అది? అయినా తెలిసింది. క్లాన్‌లో చేరడం తప్పని ఎన్నిసార్లైనా క్షమాపణ చెబుతానన్నారు. ఆయన పోయినప్పుడు నల్లవారి హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ సంతాపం తెలిపింది.

ఆయన గురించి నేను గౌరవంగా తలచుకునేది ఇంకొకటుంది. 1964 ఆగస్టులో, ఆ ఫిలిబస్టర్ అయిన రెండు నెలలకు, వియత్నాంలో సైన్యాన్ని వాడుకునే అధికారాన్ని సెనేట్ 88-2తో అధ్యక్షుడికి రాసిచ్చింది. బర్డ్ ఆ 88 మందిలో ఒకరు. 2002లో ఇరాక్ మీద అదే తరహా తీర్మానం వచ్చినప్పుడు, ఆ రోజు వేసిన ఓటుకు పశ్చాత్తాపపడుతున్నానని సభలోనే చెప్పి, ఈసారి వద్దన్న ఇరవై ముగ్గురిలో నిలబడ్డారు. ఎనభై నాలుగేళ్ల వయసులో, జేబులో పెట్టుకు తిరిగే చిన్న రాజ్యాంగ పుస్తకాన్ని పట్టుకుని. రోము పాఠాన్ని తన మీద తాను ప్రయోగించుకున్న సందర్భం నాకు కనిపించింది అదే.

2020లో జాతివివక్షతో ముడిపడ్డ విగ్రహాలు తీసేయాలన్న గొడవలప్పుడు ఒక కాలేజీ తన ఆరోగ్య కేంద్రం మీద నుంచి ఆయన పేరు తీసేసింది. చార్లెస్టన్‌లోని రాష్ట్ర శాసనసభ భవనంలో ఆయన కంచు విగ్రహం మాత్రం నిలబడే ఉంది. దాన్ని పడగొట్టమని నేను అడగను. దాని కింద ఒక పలక పెట్టమంటాను. ఒక వరసలో 1993 మే 5, పద్నాలుగు ప్రసంగాలు. దాని పక్కనే, అదే సైజు అక్షరాల్లో, 1964 జూన్ 10 ఉదయం 9:51. ఆ కింద క్లెయిర్ ఎంగిల్ పేరు.