కాటా చీటీ వేరు, లైసెన్సు కాగితం వేరు

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం బ్రాడీపేటలో కారవాన్ల గురించి మాట్లాడబోతున్నానంటే మా పక్కింటాయన నవ్వారు. "గుంటూరులో కారవాన్ ఎవరికండీ, సినిమావాళ్ళకు గానీ!" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. మనకు కారవాన్ అంటే షూటింగు దగ్గర చెట్టుకింద ఆగివుండే ఏసీ బస్సు. దానికి ఇంజను ఉంటుంది, డ్రైవరు ఉంటాడు. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. ఇంజను లేని చక్రాల ఇల్లు, కారు వెనక తగిలించి లాగేది. బ్రిటన్‌లో సెలవులకు దీన్ని కట్టుకుని సముద్రం ఒడ్డుకు పోతారు. మన వీధుల్లో పిల్లలు అక్కడ స్థిరపడని ఇల్లు వెతకాల్సిందే. అమ్మానాన్నలు వేసవికి వెళ్తారు, అల్లుడు సరదాపడి కారవాన్ అద్దెకు తీసుకుంటాడు. నేనూ అలాగే వెళ్ళాను. పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్ళు మెకానికల్ వర్క్‌షాప్ నేర్పినవాణ్ణి గనుక అక్కడ జరిగింది చూసి కొంత సిగ్గుపడ్డాను కూడా.

అద్దెకిచ్చినవాళ్ళు తాళాలు ఇచ్చారు, గ్యాసు ఎలా వెలిగించాలో చూపించారు. బరువు గురించి ఒక్క ముక్క చెప్పలేదు, మేమూ అడగలేదు. మా ఆవిడ బియ్యం బస్తా, చిన్న రుబ్బురోలు యంత్రం, కుక్కర్లు, గిన్నెలు వెనకవైపు అలమరాలో సర్దింది. అక్కడ చోటు ఎక్కువ, అందుకు. పెద్ద రోడ్డెక్కాక పొడవాటి బస్సు ఒకటి మమ్మల్ని దాటిపోయింది. ఆ గాలికి వెనక ఇల్లు ఒకసారి ఎడమకు ఊగింది, తర్వాత కుడికి. మూడో ఊపుకు కారు తోకే పక్కకు జరుగుతున్నట్టు నాకు నడుము దగ్గర తెలిసింది. అల్లుడు బ్రేకు మీదికి కాలు పోనిస్తుంటే "వద్దు బాబూ, యాక్సిలరేటర్ వదిలెయ్, స్టీరింగు కదపకు" అన్నాను. వేగం తగ్గేకొద్దీ ఊపు ఆగింది. కారవాన్ పాములా మెలికలు తిరగడమంటే ఇదే. ఇలాంటప్పుడు గట్టిగా బ్రేకు వేసినా, ఊపుకు ఎదురుగా స్టీరింగు తిప్పినా బండి మడతపడిపోవచ్చు.

పక్కకు ఆపాక నాకు మా నాన్నగారి ఎడ్లబండి గుర్తొచ్చింది. మిర్చి బస్తాలు ఎక్కించేటప్పుడు ఆయన మొదటి బస్తా ఎప్పుడూ ఇరుసు మీదే వేయించేవారు. వెనక బరువెక్కితే కాడి పైకి లేచి, మెడ కింది తాడు ఎద్దు గొంతుకు బిగుసుకుంటుంది. ముందు బరువెక్కితే కాడి మెడను నొక్కేస్తుంది. కాడి కింద చేయిపెట్టి కాస్త ఎత్తి చూసేవారు. "ఊఁ, సరిపోయింది" అంటేనే ఎడ్లను కట్టేవారు. తెల్లదొరల దేశంలో దాన్ని ముక్కు బరువు అంటారు. కారవాన్ ముందుకర్ర కారు కొక్కెం మీద ఎంత భారం మోపుతుందో అదే ముక్కు బరువు. మా అలమరా వెనక బరువెక్కి కాడి లేచింది, అంతే.

దాన్ని కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. ఇదిగో, ఈ బల్ల మీద ఉన్నది మన ఇళ్ళలో ఒళ్ళు తూచుకునే యంత్రం. ఇది చీపురు కర్ర ముక్క. నేల చదునుగా ఉన్నచోట కారవాన్ నిలిపి, చక్రాలకు అడ్డం పెట్టి, కారు విప్పేసి, ముందుకర్ర చివర కింద ఈ కర్రముక్క నిలబెట్టి, దాని కింద యంత్రం ఉంచుతారు. చిన్న ముందు చక్రాన్ని మెల్లగా పైకి తిప్పితే భారమంతా కర్ర మీదికి దిగుతుంది. యంత్రం చూపే అంకే ముక్కు బరువు. సరుకుతో కలిపి కారవాన్ బరువులో నూటికి 5 నుంచి 7 పాళ్ళు ఉండాలని సాధారణంగా చెబుతారు. అయితే కారు కొక్కేనికి తయారీదారు ఒక హద్దు పెడతాడు. 1,360 కిలోల కారవాన్‌కు నూటికి 6 చొప్పున దాదాపు 82 కిలోలు కావాలి. కారు హద్దు 75 అయితే 75 దగ్గరే ఆగాలి. చూశారా, మంచిదని చెప్పిన లెక్క ఒకటి, కారు ఒప్పుకునే లెక్క ఇంకొకటి. ఎప్పుడూ చిన్న అంకెదే మాట.

ఇక అసలు బరువులు. కారవాన్ తలుపు దగ్గర ఒక ప్లేటు ఉంటుంది. దాని మీద రెండు అంకెలు ముఖ్యం. ఫ్యాక్టరీనుంచి ప్రయాణానికి సిద్ధంగా బయటికొచ్చినప్పటి బరువును అక్కడివాళ్ళు మిరో అంటారు. సరుకంతా వేశాక మించకూడని గరిష్ఠ బరువును ఎం.టి.పి.ఎల్.ఎం. అంటారు. రెండోదాన్నుంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మనం సర్దుకోదగ్గ సామాను. ఉదాహరణకు 1,360 లోంచి 1,200 తీసేస్తే 160 కిలోలు. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది. మా సామాను నేను ఒక్కొక్కటే లెక్కవేశాను. బయట కట్టే గుడారం 25, బ్యాటరీ 22, గ్యాసు సిలిండరు 15, బియ్యం 25, రుబ్బురోలు 12, గిన్నెలు 10, నలుగురి బట్టలు 40, నీళ్ళు 40 లీటర్లంటే 40 కిలోలు. కూడితే 189. కూర్చునే కుర్చీలు ఇంకా లెక్కలోకి రానేలేదు, అప్పటికే 29 కిలోలు ఎక్కువ. నీళ్ళను ఎవరూ సామానుగా చూడరు. దొంగ బరువంటూ ఉంటే అదే.

కారు వైపు కూడా ప్లేటు ఉంటుంది, ఇంజను దగ్గరో తలుపు చట్రం మీదో. అందులో మొదటి అంకె కారు నిండా సామాను, మనుషులు ఉన్నప్పటి గరిష్ఠ బరువు. రెండోది కారు, కారవాన్ కలిపి గరిష్ఠం. తర్వాతి రెండూ ముందు ఇరుసు, వెనక ఇరుసు మోయగల బరువులు. మొదటిది 2,100, రెండోది 3,500 అనుకోండి. కారు నిండుగా ఉన్నప్పుడు 1,400 కిలోలకు మించి లాగకూడదని అర్థం. రెండో అంకె అసలు లేకపోతే ఆ కారు లాగడానికి పనికిరాదనుకోవాలి. కారు నాది, ఇంజను బలమైనది అని వాదించేవాళ్ళుంటారు. ఎద్దు పుండు కాకికి నొప్పా! సమతలం మీద ఇంజను లాగేస్తుంది. దిగుడులో ఆపాల్సింది బ్రేకులు, నిలబెట్టాల్సింది చట్రం, మోయాల్సింది వెనక టైర్లు.

ఇంకో లెక్క కూడా వింటారు, ఎనభై అయిదు శాతం లెక్క. కొత్తగా లాగేవాళ్ళకు కారవాన్ బరువు, ఖాళీ కారు బరువులో 85 శాతం మించకపోతే మంచిదని అక్కడి కారవాన్ సంఘాలు సలహా ఇస్తాయి. 1,600 కిలోల కారుకు 1,360. ఇది చట్టం కాదు, అనుభవం. లాగేది లాగబడే దానికన్నా బరువుగా ఉంటే తోక కుక్కను ఊపదు. కానీ కారు తయారీదారు పెట్టిన హద్దు 1,200 అయితే ఈ 85 శాతానికి విలువ లేదు.

ఇప్పుడు లైసెన్సు. ఇక్కడే మన పిల్లలు ఎక్కువ తికమకపడతారు, ఎందుకంటే ఇంటర్నెట్‌లో పాత నియమం, కొత్త నియమం రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లలో 1997 జనవరి 1 తర్వాత కారు పరీక్ష పాసైనవాళ్ళు చాలాకాలం ఒక ఇరుకులో ఉండేవారు. కారు గరిష్ఠ బరువు, కారవాన్ గరిష్ఠ బరువు కలిపి 3,500 దాటితే, కారవాన్ 750 కిలోలకు మించినదైతే, వేరే పరీక్ష రాయాల్సి వచ్చేది. 2021 డిసెంబరు 16 నుంచి ఆ పరీక్ష తీసేశారు. ఇప్పుడు మామూలు బి తరగతి కారు లైసెన్సుతో 3,500 కిలోల గరిష్ఠ బరువున్న ట్రైలర్, అంటే కారవాన్‌లా వెనక తగిలించే బండి దాకా లాగవచ్చు. 1997కు ముందు పాసైన పెద్దలకు మొదటినుంచీ రెండూ కలిపి 8,250 కిలోల దాకా అనుమతి ఉంది. ఉత్తర ఐర్లండ్‌కు మాత్రం 2021 మార్పు వర్తించలేదు. ఐరోపా దేశాల్లో బి లైసెన్సు ఇప్పటికీ ఇరుకే. 750 దాటిన ట్రైలర్ అయితే రెండూ కలిపి 3,500, దాని మీద ఇంకో శిక్షణతో 4,250.

పరీక్ష తీసేశారంటే లాగడం తేలికైందని కాదు. నా మటుకు నాకు ఆ నిర్ణయం అంతగా నచ్చలేదు. వెనక్కి నడపడం నేర్చుకోనివాళ్ళు ఇప్పుడు నేరుగా రోడ్డు మీద నేర్చుకుంటున్నారు. సరే, చట్టం చట్టం.

ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. లైసెన్సు చూసేది ప్లేటు మీద రాసిన గరిష్ఠ బరువును, ఆ రోజు మీరు వేసిన సామానును కాదు. పాత నియమం ఉన్నరోజుల్లో 2,100 కారు వెనక 1,500 ప్లేటున్న కారవాన్‌ను పూర్తి ఖాళీగా లాగినా కూడిక 3,600, పరీక్ష లేకపోతే తప్పే. "ఖాళీగా ఉంది సార్" అంటే కుదరదు. దానికి తలకిందులుగా, ఓవర్‌లోడు సంగతి తేల్చేది కాటా. లైసెన్సు సక్రమంగా ఉండి, ప్లేటు చిన్నదై, సామాను ఎక్కువైతే లైసెన్సు మిమ్మల్ని కాపాడదు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడమే గొడవంతటికీ మూలం.

మన దగ్గరా ఇదే కథ. మోటారు వాహనాల చట్టం 1988 లో తేలికపాటి వాహనం హద్దు 7,500 కిలోలు. రవాణా వాహనానికైతే సరుకుతో కలిపిన అనుమతి బరువు చూస్తారు, కారుకు, ట్రాక్టరుకు ఖాళీ బరువు చూస్తారు. ఒకే అంకె, కొలత మాత్రం రెండు రకాలు. తేలికపాటి వాహనం లైసెన్సుతో అంతలోపు రవాణా వాహనం నడపవచ్చా అన్న వాదన ఏళ్ళ తరబడి సాగింది. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నడపవచ్చనే చెప్పింది. ట్రాక్టరు లైసెన్సున్నవాడు వెనక ట్రక్కు తగిలించినంత మాత్రాన అనర్హుడు కాడని 2001లోనే నాగశెట్టి కేసులో తేలింది. మన చట్టం దృష్టిలో ఆ ట్రక్కు కూడా ఒక వాహనమే. మన మిర్చి యార్డు గేటు దగ్గర నిలబడి చూడండి, ఒక్కో ట్రాక్టరు మీద టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఎంత ఎత్తున ఉంటాయో. లైసెన్సు సరే, బరువో? అధిక బరువుకు 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 జరిమానా, ఎక్కువైన సరుకు దించే ఖర్చు వేరే.

మళ్ళీ బ్రిటన్‌కు వద్దాం. మన ఇక్కడి లైసెన్సుతో అక్కడ నివాసం మొదలైన రోజునుంచి 12 నెలల దాకా కారు నడపవచ్చు. దాన్ని అక్కడి లైసెన్సుగా మార్చి ఇవ్వరు, పరీక్ష పాస్ కావాల్సిందే. కొక్కేనికి ఏదైనా తగిలించే ముందు ఆ పరీక్ష ముగించుకోమని మా పిల్లలకు చెప్పాను. ఇన్సూరెన్సువాళ్ళకు లాగుతున్నామని ముందే చెప్పాలి.

చిన్న సంగతులు కొన్ని గబగబా. కారవాన్ లాగుతుంటే మామూలు రోడ్డు మీద గంటకు 50 మైళ్ళు, మోటార్‌వే అనే పెద్ద రహదారి మీద 60. మూడు వరుసలున్న మోటార్‌వే మీద కుడి చివరి వరుసలోకి పోకూడదు. ట్రైలర్ వెడల్పు 2.55 మీటర్లు, కారుతో లాగేదాని పొడవు 7 మీటర్లు దాటకూడదు. 750 కిలోలు మించితే దానికి సొంత బ్రేకులుండాలి, కొక్కెం ఊడితే ఆ బ్రేకును బిగించే తీగ కారుకు కట్టి ఉండాలి. కారవాన్ వెనక వైపు, లాగే కారు నంబరే కనిపించాలి. కారవాన్ కారుకన్నా వెడల్పుగా ఉంటే పక్కకు పొడుచుకొచ్చే అద్దాలు పెట్టుకోవాలి. కదిలేటప్పుడు లోపల మనుషులుండకూడదు, మనవళ్ళు ఎంత ఏడ్చినా సరే. ఏడాదిలో పది నెలలు నిలబడి ఉండే బండి గనుక దాని టైర్లు అరిగి కాదు, ముసలితనంతో పాడవుతాయి. పక్కగోడల మీద పగుళ్ళు వేలితో తడిమి చూడండి.

మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళాం. ఈసారి బయల్దేరే ముందు ఊరి బయట ప్రజా కాటాకు తీసుకెళ్ళి, కారు విప్పి, కారవాన్‌ను మాత్రమే తూపించాం. నీళ్ళ పీపా ఖాళీ చేశాం, రుబ్బురోలు ఇంట్లోనే వదిలేశాం. దీనికి మా ఆవిడ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ కాటా ఇరవై కిలోల అంచెల్లో చూపేది. చీటీ మీద 1,340 అని పడింది. ప్లేటు మీద 1,360. చీటీని ఆమె నా చేతిలోంచి తీసుకుని రెండుసార్లు చదివింది.

"అంటే ఇరవై మిగిలింది. ఆవకాయ జాడీ ఎక్కించవచ్చు కదా?"

జాడీ ఆరు కిలోలు. ఎక్కించాం, ఇరుసు మీద.