కోడి కన్ను పోగొట్టింది దిష్టి కాదు, గూటి మీద కప్పిన బరకం!

నమస్కారం. ముందే చెబుతున్నాను, ఈ రోజు నాకు ఒళ్లు మండుతోంది. మన విశాఖ కంచరపాలెంలో ఒక మేడ మీద పెరిగే నాటు పెట్టకు కుడి కన్ను మూసుకుపోయిందనీ, ఎడమది కూడా మసకబారుతోందనీ మొన్న వీడియోలో చూపించాను కదా. కింద మీరు రాసినవన్నీ చదివాను. సగం మంది ‘కోసేయండి, ఆదివారం కూరకు పనికొస్తుంది’ అన్నారు. మిగతా సగం ‘దిష్టి తగిలింది, ఎండు మిరపకాయలు తిప్పి పడేయండి’ అన్నారు. ఆ పెట్టను పెంచుతున్న అమ్మగారు కూడా ఇవన్నీ చదివారండీ!

నాది ఒక్కటే మాట. దిష్టీ కాదు, ఖర్మా కాదు. ఆ గూటి మీద కప్పిన నీలం రంగు బరకం, అదే టార్పాలిన్ పట్టా. మళ్లీ చెబుతున్నాను, బరకం!

2014లో హుద్‌హుద్ తుపాను దెబ్బ తిన్న ఊరు మనది. టీవీలో వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, కోళ్ల గూటికి నాలుగు వైపులా బరకం చుట్టి తాడు బిగించేస్తాం. వాన వెళ్లిపోతుంది. బరకం మాత్రం ఉగాది దాకా అలాగే ఉంటుంది. విశాఖలో అసలే సముద్రపు తేమ. లోపల ఊక తడుస్తుంది, రెట్ట కుళ్లుతుంది, కళ్లు మండించే అమ్మోనియా వాయువు పుడుతుంది. రాత్రంతా కోడి పీల్చేది ఆ గాలినే. గాలిలో పది లక్షల పాళ్లకు అమ్మోనియా 25 పాళ్లు దాటితే కోళ్లకు చేటు. ఇంకా పెరిగితే కనుగుడ్డు పైపొర పుండు పడుతుంది. అప్పుడు కోడి వెలుతురును భరించలేక రెప్పలు బిగించుకుంటుంది, కన్నును రెక్కకేసి రుద్దుకుంటుంది. ఆ పెట్ట కుడి రెక్క మొదట్లో ఈకలు తడిసి అట్టకట్టి ఉన్నాయి. కెమెరా దగ్గరకు పెట్టి మరీ చూపించాను. ఒక్కరైనా దాని గురించి రాశారా?

‘మా గూటిలో వాసనే రాదండీ’ అంటారు. రోజూ పీలిస్తే ముక్కు అలవాటు పడిపోతుంది. పైగా మీరు నిలబడి వాసన చూస్తారు, కోడి పడుకునేది నేలకు జానెడు ఎత్తులో. రేపు తెల్లవారుజామున తలుపు తీయగానే మోకాళ్ల మీద కూర్చుని తల లోపల పెట్టండి. మీ కళ్లలో నీళ్లు తిరిగాయా, దోషి దొరికినట్టే.

పశువైద్యులు నా మీద విరుచుకుపడకముందే ఒప్పుకుంటాను, వేరే రోగాలూ ఉన్నాయి. ముఖం వాచి ముక్కు నుంచి కంపు నీరు కారితే కొరైజా అనే కోళ్ల జలుబు రోగం. కంటి మూలలో నురగ కడితే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి. రెప్పల మీద పొక్కులు లేస్తే కోడి మశూచి, దాన్ని మోసుకొచ్చేది మన దోమలే. కంటిపాప గుండ్రం చెడి, చుట్టూ బూడిద రంగు తేలితే మారెక్స్ వ్యాధి. దానికి మందు లేదు, పిల్ల పుట్టిన రోజున వేయించే టీకా ఒక్కటే కాపాడుతుంది. రెప్ప కింద తెల్లటి ముద్ద పేరుకుంటే విటమిన్ ఎ లోపం కావచ్చు. నూకలూ, మిగిలిన అన్నమూ తప్ప ఏమీ వేయకపోతే ఇంకేమవుతుంది? మునగాకు, తోటకూర వేయండి. ఇవన్నీ నిజమే. కానీ గాలి ఆడని గూటిలో అంటురోగాలకు పండగే. నా సిద్ధాంతం నేను వదలను!

ఇక కోసేయమన్న వీరులారా, మందులు వాడుతున్న కోడిని కోసుకుని తినకూడదని ఎవరూ చెప్పలేదా? అయినా గుడ్డి కోడి ఎందుకూ పనికిరాదని ఎవరన్నారు? కోడికి మెదడులోనే వెలుగును పసిగట్టే కణాలు ఉంటాయి. పుర్రె గుండా వెలుతురు అక్కడికి చేరుతుంది. పుట్టు గుడ్డి పెట్ట కూడా పొద్దు పొడుగెక్కడం తెలుసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్డి కోడి గుడ్డు పెడుతుందండీ! ఇంకో చిత్రం, కోడిపిల్లలు ఎక్కువగా కుడి కన్నుతో గింజలు ఏరుకుంటాయి, ఎడమ కన్నుతో గద్ద కోసం కనిపెట్టుకుని ఉంటాయి. గింజ మీద పొడవబోయి పక్కన పొడిచిందని మీరు నవ్వారే, ఆ పెట్టకు మూసుకుపోయింది కుడి కన్నే. సంక్రాంతి బరిలో పుంజుకు కన్ను పోతే ఈల వేసే జనం, మేడ మీద పెట్టను చూసి ‘పాపం, బాధ లేకుండా కోసేయండి’ అంటారు. ఆ గొడవ మరో రోజు పెట్టుకుందాం.

ఇప్పుడు పని. ముందు మందలోంచి వేరు చేయండి, లేకపోతే మిగతావి తల మీద పొడుస్తాయి. నెమ్మదైన పెట్ట ఒకటి తోడుంటే మంచిదే. మేత చల్లకండి, లోతైన మూకుడు నిండా పోసి, నీళ్ల గిన్నె పక్కనే, ఎప్పుడూ ఒకే చోట పెట్టండి. మూకుడు అంచు మీద వేలితో కొట్టి పిలవండి, శబ్దం పట్టుకుని వచ్చేస్తుంది. కన్ను కడగడానికి మందుల దుకాణంలో దొరికే సెలైన్ చాలు. అది లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు. అంటుకున్న రెప్పను లాగకండి, తడిపి నాననివ్వండి. తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి, కొక్కెర తెగులు (రాణీఖేత్ అనే వైరస్ రోగం) ఉన్న కోడిని ముట్టుకుని కన్ను నలుపుకుంటే మీకూ కండ్లకలక వస్తుంది.

ఇంట్లో మిగిలిన కంటి చుక్కల మందు మాత్రం వేయకండి. అందులో స్టెరాయిడ్ ఉండి, కంటిలో పుండు ఉంటే ఉన్న చూపు కూడా పోతుంది. పశువైద్యశాలలో రంగు మందు వేసి పుండు ఉందో లేదో చూస్తారు. కంచరపాలెం పెట్ట రేపు పొద్దున్నే అక్కడికి వెళుతోంది. ఈలోగా మీరు బరకం విప్పి, పాత ఊక ఎత్తిపోసి, ఆ ఫొటోలు నాకు పంపండి.