పాత కారుకి కొత్త రివర్స్ కెమెరా: రాత్రిపూట కాలవ కనిపిస్తుందా?

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడతా ఉన్నాను. ముందే చెప్పేస్తా, ఈ కెమెరా అమ్మేవాళ్ళు నాకు ఫ్రీగా పంపించినారు. డబ్బులేం ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. బాక్స్ మీదుండే లెక్కలన్నీ చదవను, అవసరమైనవే చెప్తా.

నాది 2016 మోడల్ బండి, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా. పాత ఓనరు బయట వేయించిన కెమెరా అట్లే ఉండింది. పగలు బొమ్మ పాలిపోయినట్టుండేది. రాత్రయితే స్క్రీనంతా చుక్కలు, మధ్యమధ్యలో అడ్డంగా గీతలు పరిగెత్తేవి. మా ఇల్లు కొర్లగుంటలో. సందులో ఒకపక్క కాలవ, ఇంకోపక్క బైకులు, గడపల దగ్గర ఆడుకునే పిల్లలు. 2019 జూలై నుంచి కొత్త కార్లకు వెనక సెన్సార్లు తప్పనిసరి చేసినారు, వాటిలో కనీసం బీప్ అన్నా వస్తుంది. అంతకుముందు బండ్లు చాలావాటికి అదీ లేదు. నా బండికీ లేదు, కెమెరానే దిక్కు. అందుకే నాకు దీని మీద ఇంత పట్టుదల.

కొత్తది బిగించే ముందు పాతదాన్ని ఒకసారి చూడండి, ఇది అందరికీ చెప్తున్నా. లెన్స్ మీద బోరునీళ్ళ తెల్లమరకలుంటే మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు సగం తేడా తెలుస్తుంది. లోపల ఆవిరి పట్టినట్టుంటే సీలు పోయినట్టే, దాన్ని తుడిచి ప్రయోజనం లేదు. మన ఎండలకి పైన ప్లాస్టిక్కే మసకబారిపోయి ఉంటే అదీ అంతే.

ఇప్పుడు అసలు విషయం. ఈ కెమెరా ఏహెచ్‌డీ, అంటే బొమ్మను ఎక్కువ స్పష్టంగా స్క్రీన్‌కి పంపించే రకం, 720పీ. 720పీ అంటే 1280 బై 720, సుమారు 9 లక్షల పిక్సెళ్ళు, అంటే బొమ్మలోని చుక్కలు. సీవీబీఎస్ అనే పాత మామూలు వీడియో రకంలో 720 బై 576, నాలుగు లక్షల చిల్లరే. రెండింటికీ టీవీ వైర్లకుండే అదే పసుపు ఆర్‌సీఏ పిన్నే, చూస్తే తేడా తెలీదు. కానీ మీ ఆండ్రాయిడ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఏహెచ్‌డీ లేకపోతే ఇది తగిలించినా నల్లగానో, బొమ్మ చెదిరిపోయో వస్తుంది. ఉండి కూడా సీవీబీఎస్ మీదే పెట్టి ఉంటే అదే గతి. డెకార్స్ షాపులో వైరు గుచ్చి పంపించేస్తారు గానీ ఆ సెట్టింగ్ తెరిచి చూసేవాళ్ళు తక్కువ. మంచి కెమెరాని పనికిరాదని పీకి పారేసినవాళ్ళను నేను చూసినా, చాలా బాధగా ఉంటుంది.

ఇంకోటి కరెంటు. కెమెరాకి పవరు మామూలుగా రివర్స్ లైటు నుంచే తీస్తారు. కొన్ని బండ్లలో కంప్యూటరు ఆ లైటుకి కరెంటును ముక్కలు ముక్కలుగా పంపిస్తుంది. బల్బుకి ఫర్వాలేదు, కెమెరాకి మాత్రం బొమ్మ వణుకుతుంది. మధ్యలో ఒక రిలేనో (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్), కరెంటుని నిలకడగా చేసే ఫిల్టరో పెడితే ఆగిపోతుంది. మా వీధి ఎలక్ట్రీషియన్ అన్న రిలే పెట్టి, ఎర్త్ వైరుని పెయింటు గీకి బాడీకి గట్టిగా బిగించినాడు. గీతలు పూర్తిగా పోయినాయి. కెమెరా ఎంత మంచిదైనా ఈ పని చేయించకపోతే దండగ.

ఇక రాత్రి. నేను ముందు వాడినదాంట్లో లెన్స్ చుట్టూ చిన్న ఎల్‌ఈడీలు ఉండేవి. ఆ వెలుగు నంబర్ ప్లేటు మీద పడి తిరిగి కంట్లో కొట్టేది, అవతలంతా చీకటే. దీంట్లో ఎల్‌ఈడీలు లేవు, సెన్సారే బాగుంది. సందులో స్ట్రీట్ లైటు పోయిన రోజు కావాలనే రివర్స్ చేసి చూసినా. కాలవ అంచు, దాని మీద పగిలిన సిమెంటు పలక, పక్కనున్న బైకు స్టాండు, అన్నీ విడివిడిగా తెలిసినాయి. నిజంగా ఎంత సంతోషమేసిందో! తిరుచానూరు బ్రహ్మోత్సవాలప్పుడు ఆ జనంలో బండి వెనక్కి తీయాల్సొచ్చినప్పుడు కూడా మనుషులు స్పష్టంగా కనిపించినారు. కార్తీక మాసం వానలో మాత్రం లెన్స్ మీద చుక్క నిలిస్తే బొమ్మ అలుక్కుపోతుంది. కొండమీద పార్కింగులో మంచు పట్టిన తెల్లవారుజామున దీనికీ ఏం కనిపించదు, దిగి చూసుకోవాల్సిందే.

నాకు కోపం తెప్పించేది, వెనక్కి తీసేటప్పుడు దారి చూపించడానికి బొమ్మ మీద వచ్చే ఆ రంగు గీతలు. స్టీరింగ్ తిప్పినా కదలవు, మన బండి వెడల్పుకీ సరిపోవు. వాటిని నమ్మి వెనక్కి తీస్తే బంపర్ గోడకి తగులుతుంది. తీసేయడానికి చిన్న వైరు లూప్ ఉంది, నేను కట్ చేయించేసినా. అది ఏ రంగు వైరో కెమెరాతో వచ్చే కాగితంలో చూసుకోండి. పక్కనే బొమ్మను కుడిఎడమలు తిప్పే లూప్ ఉంటుంది, అది తెగితే ఎడమవైపు బైకు కుడివైపు కనిపిస్తుంది.

నా మాట: మీ స్క్రీన్ ఏహెచ్‌డీ తీసుకుంటే, రాత్రి ఇరుకు సందుల్లో తిప్పేవాళ్ళయితే కళ్ళు మూసుకొని తీసుకోండి. పాత సీవీబీఎస్ స్క్రీనయితే దీని జోలికి పోవద్దు, ముందు స్క్రీన్ మార్చండి. నేనైతే పాతదాన్ని పీకేసి దీన్నే ఉంచేసుకున్నా.