గోరింక ఓడెక్కిన కథ

శ్రోతలకు నమస్కారం.

నాగలి వెనకాల, ఇప్పుడైతే ట్రాక్టరు వెనకాల, చాలు వెంబడి నడుచుకుంటూ వచ్చే పిట్టను గురించి ఈ పూట మాట్లాడతాను. నడుచుకుంటూ అన్నాను, గమనించండి. పిచ్చుక గెంతుతుంది. గోరింక నడుస్తుంది. నీళ్లు పెట్టిన మడి చూసుకోవడానికి గట్టు మీద పోయే రైతులా, తల ఆడిస్తూ, అడుగులో అడుగు వేస్తూ నడుస్తుంది.

గోరింక అన్నా, గోరువంక అన్నా ఒకటే. నల్లని తల, ముదురు గోధుమరంగు ఒళ్లు, పసుపు ముక్కు, పసుపు కాళ్లు, కంటి చుట్టూ ఈకలు లేని పసుపు చర్మం. ఎగిరిందంటే రెక్కల్లో తెల్లటి మచ్చలు తళుక్కుమంటాయి. ఆడదీ మగదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఇంతకు మించి ఆనవాళ్లు చెప్పక్కర్లేదు. మీ వీధిలో కరెంటు తీగ మీద ఒక జంట ఉండే ఉంటుంది.

దుక్కి వెనకాల ఎందుకొస్తుంది? తిరగబడ్డ మట్టిలో పురుగులుంటాయి, వానపాములుంటాయి. మేస్తున్న గేదె కాళ్ల దగ్గర ఎందుకు తిరుగుతుంది? గడ్డి కదిలితే మిడతలు లేస్తాయి. పురుగు దొరక్కపోతే పండు తింటుంది, గింజ తింటుంది, మన హోటళ్ల వెనక పారేసిన అన్నం తింటుంది. బూరుగు చెట్టు పూసినప్పుడు తేనె కోసం ఆ ఎర్ర పువ్వుల్లో తల దూర్చి, నుదుటి మీద పుప్పొడితో బయటికొస్తుంది. ఆ పుప్పొడి తీసుకుపోయి ఇంకో చెట్టుకు అంటిస్తుంది కూడా.

తిండికి ఇన్ని దారులున్న ఈ పిట్టకు ఒక్క విషయంలో మాత్రం దారి ఇరుకు. గూటికి కన్నం కావాలి. కొమ్మ మీద గూడు అల్లడం దీని పద్ధతి కాదు. చెట్టు తొర్ర, గోడలో కన్నం, పెంకుల కింద సందు, వీధి దీపం గొట్టం, ఏదో ఒక బోలు కావాలి. అందులో పుల్లలు, వేర్లు, కాగితం ముక్కలు, ఒక్కోసారి పాము విడిచిన కుబుసం కూడా తెచ్చి కుక్కుతుంది. కన్నం దొరికితేనే సంసారం. ఈ మాట గుర్తుంచుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

చిలకా గోరింకా అని జంటగా చెప్పుకోవడం మనకు అలవాటు. తొర్ర దగ్గర చూస్తే ఆ రెండింటికీ క్షణం పడదు! చిలుకకూ తొర్రే కావాలి, గోరింకకూ తొర్రే కావాలి. తల తెగిన కొబ్బరి మోడులో వడ్రంగి పిట్ట ఒక కన్నం తొలిచి వదిలిపెడితే దానికోసం చిలుకలు వస్తాయి, గోరింకలు వస్తాయి, చిన్న గుడ్లగూబ కూడా వచ్చి తొంగిచూస్తుంది. గోరింకలు తమలో తాము పోట్లాడుకుంటే కాళ్లూ కాళ్లూ మెలేసుకుని నేల మీద పడి దొర్లుతాయి. చుట్టూ చేరిన మిగతావి అరిచి గోల చేస్తాయి. మన దగ్గర ఈ పోరు ఎన్ని వేల ఏళ్లుగా సాగుతోందో! ఒక ఏడు ఒకరు గెలుస్తారు, ఇంకో ఏడు ఇంకొకరు. ఎవరూ అంతరించిపోలేదు.

ఇక నాకు ఎంతో ఇష్టమైన కథ చెబుతాను. మారిషస్ కథ.

మడగాస్కరుకు తూర్పున, సముద్రం మధ్యలో చిన్న దీవి. అప్పట్లో ఫ్రెంచివాళ్ల ఏలుబడి. పంటల మీద ఎర్ర మిడతలు దండుగా పడేవి. ఏం చెయ్యాలో తోచక, మిడతల్ని తినే పిట్ట ఎక్కడుందని వెతికారు. మన దేశంలో ఉంది. 1762లో ఇక్కణ్ణుంచి గోరింకల్ని ఓడలో తీసుకెళ్లి ఆ దీవిలో వదిలారు. పురుగును చంపడానికి ఒక ప్రాణిని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మోసుకెళ్లిన తొలి సందర్భాల్లో ఇదొకటని కీటకశాస్త్ర పుస్తకాలు ఇప్పటికీ చెబుతాయి. కొన్నేళ్లకే మిడతల బాధ తగ్గిందని అక్కడివాళ్లు సంతోషించారు.

ఆ తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా గడిచాక, 1834 నుంచి, మన దేశం నుంచి చెరకు తోటల్లో పనికి కూలీలు వెళ్లడం మొదలైంది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. గోదావరి పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లు. ఆ రేవు పేరు మీదే అక్కడి తెలుగువాళ్లకు కోరంగీలని పేరు పడింది. ఊరూ వాడా వదిలి, సముద్రం దాటి, భాష తెలియని నేల మీద కాలు పెట్టిన ఆ మనుషులకు చెరకు తోటలో ఎదురుగా నడుచుకుంటూ వచ్చింది ఎవరనుకున్నారు? గోరింక! మనవాళ్ల కంటే ముందే వెళ్లి కాపురం పెట్టిన గోరింక. ఆ దృశ్యం ఊహించుకున్నప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది.

కథ అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆ దీవికి సొంత చిలుక ఒకటుంది. మన రామచిలుకకు దగ్గరి చుట్టం, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దానికీ తొర్రే కావాలి. అడవులు నరికేశారు, పెద్ద చెట్లు పోయాయి, తొర్రలు తగ్గాయి. మిగిలిన తొర్రల కోసం ఓడల్లో వచ్చిన ఎలుకలు, గోరింకలు పోటీకొచ్చాయి. 1980ల మధ్యకల్లా ఆ చిలుకలు పదికి అటూ ఇటూగా మిగిలాయి. పది! తర్వాత గూడు పెట్టెలు అమర్చి, మేత పెట్టి, కంటికి రెప్పలా కాచి, ఇప్పుడు వందల్లోకి తెచ్చారు.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా. 1860లలో ఆస్ట్రేలియాకూ, హవాయి దీవులకూ కూడా ఇలాగే పురుగుల కోసం తీసుకెళ్లారు. అక్కడా బాగా పెరిగింది. 2000లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సమాఖ్య ప్రకటించిన వంద చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో పక్షులు మూడే మూడు. అందులో రెండు మన పెరటి పిట్టలు, గోరింక ఒకటి, పిగిలిపిట్ట ఒకటి. నాకు మాత్రం ఆ పిట్టను నేరస్తురాలనడానికి నోరు రాదు. అక్కడా అది చేసింది ఇక్కడ చేసిందే. పురుగు తింది, కన్నం వెతుక్కుంది. ఓడ ఎక్కించింది మనుషులు. ఆ దీవుల్లో దాన్ని అదుపు చెయ్యక తప్పదు, అది వేరే సంగతి.

ఇక్కడ మాత్రం ఇది దాని సొంత ఊరు. సొంత ఊళ్లోనే దానికి కన్నాలు తగ్గుతున్నాయి. పెంకుటిళ్లు పోయి డాబాలొచ్చాయి. మోడులు కనబడితే కొట్టేస్తున్నాం. అందుకే ఏసీ గొట్టం కోసం గోడకు వేసిన కన్నంలో, ఎగ్జాస్ట్ ఫ్యాను సందులో గూడు పెడుతోంది.

కాబట్టి ఈ పూట ఒక్క పని అడుగుతాను. ఒక్కటే. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా గోడలో ఏ కన్నమైనా మూసేముందు, మేస్త్రీని ఒక గంట ఆగమనండి. దూరంగా కూర్చుని చూడండి. నోట్లో పురుగుతో గోరింక లోపలికి వెళ్లిందంటే పిల్లలున్నట్టే. అప్పుడు సిమెంటు పెడితే పిల్లలు లోపలే చనిపోతాయి, తల్లీ తండ్రీ బయట గోడను పొడుచుకుంటూ తిరుగుతాయి. నాలుగైదు నీలి గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు ఎగిరేదాకా దాదాపు ఆరు వారాలు. అంతవరకు ఓపిక పట్టండి. పిల్లల్ని తీసి పంజరంలో పెట్టకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

పిల్లలు ఎగిరిపోయాక, రెండు మూడు రోజులు రాకపోకలు లేవని చూసుకుని, లోపలి చెత్త తీసేసి కన్నానికి జాలీ బిగించండి. చలికాలంలోనే ఆ పని పూర్తి చేసుకోండి. ఆలస్యం చేస్తే ఏప్రిల్‌లో మళ్లీ ఆ జంటే ఆ కన్నానికే వస్తుంది, మేస్త్రీ మళ్లీ ఆరు వారాలు ఆగాల్సి వస్తుంది.

నమస్కారం.